సమస్య: «ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె»

నిర్వాహకుడు

ఈసారి సమస్య తేటగీతి నాలుగో పాదం, ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి:

*ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె*

విషయం సైకిలు మీద మోసే సంచి. భుజం మీంచి అడ్డంగా వేసుకునే ఒంటిపట్టీ మెసెంజర్ బ్యాగా, రెండు పట్టీల బ్యాక్‌ప్యాకా అన్న తగువు తీర్చాలి. "రెండిటిని" అంటే దేన్ని అన్నది కావాలనే చెప్పలేదు, మీ ఆట అక్కడే. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (గణమంటే గురు లఘు అక్షరాల కట్ట). నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం (పాదం తొలి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి), ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) కూడా చెల్లుతుంది. సమస్యలో యతి ఒ–ఓలకు ("రెండిటిన్ + ఓడగొట్టె"), కాబట్టి "నో" చూసి కంగారుపడకండి.

ఇంకో నియమం. గణాలు కుదిరినా, చెప్పిన మాట సైకిలెక్కి చూస్తే నిలవకపోతే పూరణ నిలవదు.

గురులఘువు

"పట్టియె" అన్నా భగణమే (గురువు, రెండు లఘువులు) కదండీ, దీర్ఘం ఎందుకు?

నిర్వాహకుడు

పట్టి అంటే బిడ్డ. ఒక్క బిడ్డ ఇద్దర్ని ఓడగొట్టిన కథలు వచ్చిపడతాయని.

గొలుసుకట్టు (పూరణ 1)

*దింపకుండనె సంచిని తిప్పి రొమ్ము*
*మీదకున్ దెచ్చి మూతను మీటి తెరచి*
*కాగితము నిచ్చి వెనుకకుఁ గదుపునపుడు*
*ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె.*

బ్యాక్‌ప్యాక్ అయితే ఆగిన ప్రతిచోటా ఒక భుజం వదిలి, సంచి కిందికి దించి, జిప్ తీసి, మళ్ళీ రెండు చేతులూ దూర్చాలి. ఇరవై చోట్ల ఆగేవాళ్ళకు ఒంటిపట్టీయే గెలుపు.

గురులఘువు

నడక బాగుంది. యతులు దిం–తి, మీ–మీ, కా–గ అన్నీ సరే. "కదుపునపుడు / ఒక్క" దగ్గర మాత్రం ఉత్వసంధి నిత్యం, "కదుపునపు డొక్క" కావాలి. "గదపవచ్చు" అని అక్కడితో వాక్యం ముగించండి, గణం చెడదు, విసంధి (సంధి చేయని దోషం) పోతుంది.

రెండుచక్రాలు

ఛందస్సు సరే, సంచి సంగతి చూద్దాం. మీ పద్యంలో చంక కింద పట్టీ ఏమైంది? మెసెంజర్ బ్యాగుకు భుజం మీది వెడల్పు పట్టీ కాక, చంక కిందుగా వచ్చి రొమ్ము మీద తగులుకునే సన్నపట్టీ ఒకటి ఉంటుంది. అది లేకుండా సీటు మీంచి లేచి తొక్కితే రెండు మూడు తొక్కులకే సంచి పక్కకు జారి పొట్ట కిందికి వేలాడుతుంది. మోకాలు తగులుతుంది, బరువంతా ఒక పక్కకు లాగి హ్యాండిల్ వంకర తిరుగుతుంది. అది ఉంటే విప్పకుండా సంచి ముందుకు రాదు. కాబట్టి మీ పద్యంలో సైకిలిస్టు ఒకటి మరిచాడు, లేదా ఒకటి దాచాడు.

ఇంకోటి. సంచి నడుము దగ్గర వేలాడేలా పట్టీ వదులు చేస్తే ఈ తిప్పడం తేలికే, తొక్కడమే నరకం. సరైన చోటు రెండు రెక్క ఎముకల మధ్య, వీపు పైభాగాన. వదులుగా తగిలించుకుని, తొక్కే భంగిమలో ముందుకు వంగి, అప్పుడు పట్టీ కొస లాగి బిగించాలి. నిటారుగా నిలబడి బిగిస్తే వంగగానే వదులైపోతుంది.

గొలుసుకట్టు

ఒప్పుకున్నాను. మార్చాను:

*చంకపట్టీని మీటుచు సంచి జరిపి*
*చేతి కందిన మూతను చిటికెఁ దెరచి*
*కాగితము నిచ్చి వెనుకకుఁ గదపవచ్చు;*
*ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె.*

వానాకాలం

ఇప్పుడు పట్టీలు రెండయ్యాయి కదండీ, "ఒక్క పట్టీ" ఎక్కడిది?

గొలుసుకట్టు

మోసేది ఒక్కటే, చంకపట్టీ కాపలాకి.

వానాకాలం (పూరణ 2)

ఆ మోసే ఒక్కటీ ఒకే భుజాన్ని కొరుకుతుంది. అందుకే:

*ఐదు కిలోలు దాటిన యంత బరువు*
*జంట పట్టీలు మోసెడి సంచె మేలు*
*వినకు మెవరేని నీతోడ వెఱ్ఱిఁ బలుక:*
*"ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె".*

గురులఘువు

మొదటి పాదం పడిపోయింది. "కిలోలు" లఘువు, గురువు, లఘువు: జగణం. తేటగీతిలో జగణానికి చోటు లేదు. అలాగని కిలోలను వదులుకోనక్కర్లేదు, మాటను గణాల మధ్య విరిస్తే చాలు:

*బరువ దైదు కిలోలకుఁ బైన నుండ*

బరువ / దైదుకి / లోలకుఁ / బైన / నుండ. రెండు భగణాల్లో కిలోలు సర్దుకున్నాయి, యతి బ–బై.

ఇక సమస్యను ఎవడో వెర్రివాడి నోట పెట్టేసి తప్పుకోవడం పాత ఎత్తు. తప్పు కాదు కానీ, ఏ సమస్యకైనా అతికే అతుకు.

రెండుచక్రాలు

ఐదు కిలోలన్నది రాతి మీద గీత కాదు. పావుగంట దూరానికి ఏడు కిలోలైనా ఒంటిపట్టీ మీద లాగించవచ్చు. గంటసేపైతే మూడు కిలోలకే మెడ పక్క కండరం పట్టేస్తుంది. దూరం, బరువు రెండూ కలిపి చూడాలి. ల్యాప్‌టాప్, దాని చార్జరు, యు ఆకారపు తాళం, మార్చుకునే బట్టలు, నీళ్ళసీసా పెడితే ఆరు కిలోలు ఇట్టే దాటుతుంది. అలాంటి రోజువారీ మోతకు రెండు పట్టీలే. ఇందులో నాకు సందేహం లేదు.

అయితే సర్దడం తెలియకపోతే రెండు పట్టీలూ కాపాడవు. బరువైనది వీపుకు దగ్గరగా, అడుగున ఉండాలి. పైన పెడితే మలుపులో సంచి తల ఊపుతుంది. దగ్గరగా అన్నాను కదా అని ఇనప తాళాన్ని సరిగ్గా వెన్నుపూస మీద ఆనించకండి, వెల్లకిలా పడితే ముందు తగిలేది అదే. తాళం సైకిలు చట్రానికి బిగించే బ్రాకెట్‌లో ఉండాలి, సంచిలో కాదు.

ఎత్తు కూడా చూడాలి. సంచి వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, వంగి, తలెత్తి దారి చూడండి. హెల్మెట్ వెనక అంచు సంచికి తగిలి ముందంచు కళ్ళ మీదికి దిగిందంటే ఆ సంచి పొడుగెక్కువ. దుకాణంలో అద్దం ముందు నిలబడి చూస్తే ఇది తెలియదు.

బకిల్ (పూరణ 3)

*భుజము పట్టీలు రెండును బొబ్బ రేప*
*నడుము చుట్టును బిగియించినట్టి దొకటి*
*బరువు నెల్లను తుంటికిఁ బంచిపెట్టె;*
*ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె!*

నడుంపట్టీ ఒక్కటే రెండు భుజంపట్టీలను గెలిచింది.

గురులఘువు

"రెండిటి"కి కొత్త అర్థం దొరికింది. భు–బొ, న–న, బ–బ, తప్పు పట్టడానికేమీ లేదు.

రెండుచక్రాలు

మూడో పాదం కొండెక్కేవాడి పద్యం, సైకిలెక్కేవాడిది కాదు. నిటారుగా నడిచేవాడికి నడుంపట్టీ తుంటి ఎముక మీద కూర్చుని బరువు దించుకుంటుంది. హ్యాండిల్ మీదికి వంగితే వీపే బల్ల అవుతుంది, సంచి దాని మీద పడుకుంటుంది. అప్పుడు బరువు తుంటికి దిగదు. పైపెచ్చు ఆ పట్టీని కొండెక్కేవాడిలా బిగిస్తే పొట్టను నొక్కి ఊపిరి ఆడనివ్వదు. సైకిలు మీద దాని పని వేరే: గుంతలో పడ్డప్పుడు, వెనక్కి తిరిగి చూసినప్పుడు, లేచి తొక్కినప్పుడు సంచి అటూ ఇటూ జారకుండా ఆపడం. రొమ్ముపట్టీ పని కూడా అంతే, భుజంపట్టీలు బయటికి జారిపోకుండా పట్టి ఉంచుతుంది.

బిగించే వరుస చెబుతాను. అన్ని పట్టీలూ వదులు చేసి వేసుకోండి. ముందు నడుంపట్టీ, పొట్టకూ దానికీ మధ్య రెండు వేళ్ళు దూరేంత. తర్వాత భుజంపట్టీల కొసలు కిందికి లాగి సంచిని వీపుకు హత్తించండి. చివర రొమ్ముపట్టీ, చంకల ఎత్తున, గట్టిగా ఊపిరి పీల్చినా అడ్డు రానంత. అప్పుడు కుడిభుజం మీంచి వెనక్కి చూడండి. తల తిరిగి వెనక బండి కనిపిస్తే సరి.

బకిల్

అయితే మూడో పాదం ఇలా?

*బరువు పక్కకు జారక పట్టియుంచె;*

రెండుచక్రాలు

ఇప్పుడు పద్యం సైకిలెక్కింది.

కొసరు (పూరణ 4)

*వేలు కొసలను మడువక విడిచిపెట్ట*
*వెనుక చక్రపు పుల్లల వెంటఁ జుట్టి*
*పరుగు చక్రాల జంటనుఁ బట్టి నిలిపె;*
*ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె!*

గురులఘువు

"వేలు కొసలు" చదవగానే వేళ్ళ చివర్లు మడవమంటున్నారేమో అనుకున్నాను. రెండో పాదానికొచ్చాకే వేలాడే కొసలని తెలిసింది. ఆ శ్లేష కావాలని పెట్టిందైతే శభాష్, అనుకోకుండా పడితే ఇంకా శభాష్. "రెండిటి"ని చక్రాలు చేయడం నాకు తట్టలేదు. ఇంతవరకు వచ్చినవాటిలో సమస్యను నిజంగా విప్పింది ఇదే.

రెండుచక్రాలు

ఒక చిన్న పేచీ. పట్టీ చుట్టుకునేది వెనక చక్రానికే. అది బిగుసుకుపోయి జారుతుంది, ముందుచక్రం తిరుగుతూనే ఉంటుంది. సైకిలు ఆగితే రెండూ ఆగినట్టే కాబట్టి "జంట"ను వదిలేస్తున్నాను.

ప్రమాదం మాత్రం అక్షరాలా నిజం. వీపు మీద ఉన్నప్పటికన్నా, బ్యాక్‌ప్యాక్‌ను క్యారియర్ మీద పడేసి భుజంపట్టీలు పక్కలకు వదిలేసినప్పుడు ఇది ఎక్కువ. పట్టీ మొదట పుల్లల్లోకి పోతుంది, చక్రం దాన్ని చట్రం దాకా ఈడ్చుకుపోయి ఇరికిస్తుంది. పుల్లలు వంగుతాయి, గేర్లున్న సైకిలైతే డిరైలర్ (గొలుసును గేరు నుంచి గేరుకు జరిపే భాగం) కూడా విరగవచ్చు. పరిష్కారం అర నిమిషం పని: బకిల్ దాటాక బెత్తెడు కొస ఉంచి, మిగతాది చుట్టచుట్టి సాగే రబ్బరుపట్టీతో కట్టేయండి. కత్తిరించాలనుకుంటే మందపు చలికోటు మీద సరిపోయే పొడవు చూసుకుని, కోసిన అంచును నిప్పుతో కాల్చండి. కాల్చకపోతే నైలాన్ పోగులు ఊడి, పట్టీ బకిల్‌లోంచి జారిపోతుంది.

వానాకాలం (పూరణ 5)

*వీపు కెక్కిన సంచులు వేడి పెంచు;*
*క్యారియరు మీద మూటనుఁ గట్టి చూడు,*
*వంగు నడుమున కూపిరి వచ్చె మరల;*
*ఒక్క పట్టీయె రెండిటి నోడగొట్టె.*

ఇక్కడ రెండిటి అంటే రెండు రకాల సంచులూ. కట్టే పట్టీ ఒక్కటి చాలు, వీపుకు ఏదీ వద్దు.

గురులఘువు

"చూడు" అని ఆజ్ఞాపించాక "వచ్చె" అంటే కాలం తప్పింది, "వచ్చు మరల" అనండి. "క్యా–గ" యతి గురించి ఎవరైనా అడిగేలోపే చెబుతున్నాను: సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వేయవచ్చు, ఇక్కడ కకారానికి వేశారు.

రెండుచక్రాలు

తగువు తీర్పు ఇదేనని నేనూ అంటాను, కానీ ఒక్క పట్టీ చాలదు. క్యారియర్ మీద ఒకే పట్టీతో కట్టిన సంచి ఆ పట్టీ చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. కనీసం రెండు, ఒకదానికొకటి అడ్డంగా. కొక్కేల రబ్బరుతాడైతే కొక్కెం జారి కంటికి కొట్టగలదు, విప్పేటప్పుడు మొహం దూరం పెట్టండి. బకిల్ పట్టీ మేలు. క్యారియర్ మీద అచ్చువేసి ఉండే బరువు పరిమితి కూడా చూసుకోండి.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. క్యారియర్‌కు స్ప్రింగు ఉండదు, గతుకు తిన్నగా వస్తువుకు తగులుతుంది. వీపు మీద అయితే మోకాళ్ళు, నడుము ఆ దెబ్బను మింగుతాయి. కాబట్టి ల్యాప్‌టాప్ వీపుకు, బట్టలు, తిండిడబ్బా క్యారియర్‌కు.

కొసరు

వాన మాట ఎవరూ ఎత్తలేదు. వానాకాలం గారు కూడా!

వానాకాలం

పద్యంలో పట్టలేదు, వచనంలో చెబుతాను. మెసెంజర్ బ్యాగుకు పెద్ద మూత, లోపల నీరింకని అస్తరు ఉంటాయి, నీరు మూత మీంచి జారిపోతుంది. మూత మూలలు వదులుగా ఉంటే మాత్రం పక్కల్లోంచి దూరుతుంది. బ్యాక్‌ప్యాక్‌కు జిప్ దగ్గరే చిక్కు. పైన తొడిగే వానతొడుగు బయటివైపే కాపాడుతుంది, మెడ మీంచి వీపు వెంట కారే నీటిని ఆపదు. చుట్టి మూసే నోరున్న సంచి నయం, కానీ మూడు చుట్లకు తక్కువైతే నోట్లోంచి నీరు దూరుతుంది. ఆ చుట్లు పడనంత నిండుగా నింపకూడదు.

ఇంకోటి, సంచి వెనక దీపం తగిలించే చిన్న కుట్టు ఉంటుంది. దాన్ని నమ్మకండి. వంగగానే ఆ దీపం ఆకాశానికి వెలుగిస్తుంది. దీపాన్ని సీటు కింది గొట్టానికి బిగించండి.

నిర్వాహకుడు

ఈ విడతకు పూరణ 4కు పీట. పూరణ 3 సవరించిన పాఠంతో పక్కనే కూర్చుంటుంది. పూరణ 5 "ఒక్క" దగ్గర ఓడింది, పట్టీలు రెండు కావాలని తేలింది కాబట్టి.

వచ్చే విడత ఆటవెలది, నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే:

*వీపు నంటనట్టి వీపుసంచి*

వీపుకు జాలీ బిగించి సంచిని దూరం పెట్టే చట్రం అందరికీ మొదట తట్టేదే, అది రాయకండి. రాసి తీరుతామంటే, గాలి ఆడినందుకు ఎంత బరువు వెనక్కి గుంజుతుందో కూడా మూడో పాదంలో చెప్పాలి.