ధనుష్కోటి రైలు, తలైమన్నార్ ఓడ: మీ ఇంట్లో ఎవరైనా ఆ దారిన వెళ్ళారా?

వేమగిరి అమ్మాయి
పోయిన నెల అమ్మని రామేశ్వరం తీసుకెళ్ళాను. దర్శనం అయ్యాక ఆటోలో ధనుష్కోటి వెళ్ళాం. ఇసుకలో రైల్వే స్టేషన్ మొండిగోడలు, కాస్త అవతల పైకప్పు లేని చర్చి. రైలు పట్టా మాత్రం ఎక్కడా లేదు. మా అమ్మమ్మ "ధనుష్కోటిలో రైలు దిగి ఓడెక్కితే సింహళమే" అనేది. చిన్నప్పుడు కథ అనుకున్నాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, అమ్మకి చదివి వినిపించాలి.

మీటర్‌గేజి
అమ్మమ్మగారి మాట నిజమేనండి. ఆ లైను అక్కడిదాకా వేసిందే ఓడ కోసం. అంతకుముందు మద్రాసు నుంచి ఓడకి అందించే రైలు, బోట్ మెయిల్, తూత్తుకుడికి వెళ్ళేది. అక్కడ స్టీమరెక్కితే రాత్రంతా సముద్రం మీదే, కొలంబో దాకా. 1914 ఫిబ్రవరి 24న, రామేశ్వరం దీవిని ఒడ్డుతో కలిపే పాంబన్ రైలు వంతెన తెరిచాక సౌత్ ఇండియన్ రైల్వే ఈ దారి పట్టించింది. ధనుష్కోటి రేవులో బండి దిగి ఓడెక్కడం, సుమారు 22 మైళ్ళు దాటి సింహళం ఒడ్డున తలైమన్నార్‌లో దిగడం, అక్కడ కాచుకుని ఉన్న కొలంబో రైలెక్కడం. మద్రాసులో కొన్న ఒక్క టికెట్టు కొలంబో దాకా చెల్లేది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరించేది ఈ ముక్కకే.

పాత వంతెన మధ్య భాగం ఓడల కోసం తెరుచుకోవడం ఒకసారి కళ్ళారా చూశాను. మోటార్లు లేవు. మనుషులు లివర్లు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే, రెండు ఇనుప రెక్కలు అంగుళం అంగుళం లేచాయి. వాళ్ళ చొక్కాలు చెమటకి వీపులకి అంటుకుపోయాయి.

చెంబు గంగ
మాది నెల్లూరు జిల్లా. మా నాయనమ్మ పెళ్ళైన కొత్తలో ధనుష్కోటి దాకా రైల్లోనే వెళ్ళింది. ఓడెక్కడానికి కాదు, సేతుస్నానానికి. అక్కడి ఇసుక మూటగట్టుకుని ప్రయాగలో కలిపి, గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయిస్తేనే కాశీయాత్ర పూర్తయినట్టు కదా. ఆ గంగ తీసుకుని రెండోసారి వెళ్ళేసరికి 1966. రైలు రామేశ్వరంలోనే ఆగిపోయింది. "ఊరు ఉన్నచోట నీళ్ళున్నాయి" అని చెప్పి ఊరుకునేది, ఇంకేం అడిగినా చెప్పేది కాదు. ఆ గంగ తెచ్చిన రాగిచెంబు మా దేవుడి గూట్లో ఉంది. మూత చుట్టూ లక్క అంటించిన మచ్చ ఇప్పటికీ పోలేదు.

దివిసీమ
ఆ ఊరు తుఫానుకి మునిగింది 1964 డిసెంబర్ 22 రాత్రి అండి. పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజర్ ధనుష్కోటి దగ్గర్లో ఉండగా ఉప్పెన వచ్చి బండి మొత్తాన్ని ముంచేసింది. అందులో వందమందికి పైగా ఉన్నారు, ఎవరూ బతకలేదు. అదే సమయంలో మన సావిత్రి, జెమినీ గణేశన్ కూడా రామేశ్వరంలో ఉన్నారు. నాది 1977 ఉప్పెన చూసిన ఊరు. ఆ బండి సంగతి చదివినప్పుడల్లా ఆ రాత్రి మా ఇంట్లోవాళ్ళు విన్న హోరు గురించి చెప్పిన మాటలే గుర్తొస్తాయి. ధనుష్కోటికి మళ్ళీ లైను వేయలేదు.

కాకినాడ ఇంజినీరు
వంతెన సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ తుఫానుకి పాంబన్ వంతెన గర్డర్లు, అంటే ఇనుప దూలాలు, వందకు పైగా సముద్రంలో పడిపోయాయి. మధ్యలో తెరుచుకునే భాగం మాత్రం నిలబడింది. నెలలు పడుతుందనుకున్న మరమ్మతు పనిని రైల్వే ఇంజినీరు ఇ. శ్రీధరన్ గారు 46 రోజుల్లో పూర్తి చేశారు. అప్పటికి ఆయనకి 32 ఏళ్ళు. కొత్తవి చేయించేదాకా ఆగకుండా, మునిగిన గర్డర్లనే వెతికించి పైకి తీయించి బిగించారు. ఆయన మా కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలోనే చదువుకున్నారు. మా తరగతిలో మాస్టారు ఈ కథ చెప్పినప్పుడు వెనక బెంచీవాళ్ళు కూడా కిక్కురుమనలేదు.

వేమగిరి అమ్మాయి
మరి ఓడ ఏమైందండీ? తుఫానుతోనే ఆగిపోయిందా?

మీటర్‌గేజి
లేదండి. తర్వాత రామేశ్వరం నుంచే తలైమన్నార్‌కి నడిచింది. శ్రీలంకలో యుద్ధం మొదలయ్యాక 1984లో ఆగింది. ఓడ పోయినా, రామేశ్వరం రైలుని పాతవాళ్ళు ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తారు.

రేవు కబుర్లు
నేను ఉద్యోగం పనిమీద కొలంబోలో ఉన్నప్పుడు అవతలి ఒడ్డు చూసొచ్చాను. యుద్ధంలో పాడైన తలైమన్నార్ లైనుని మన రైల్వేల నిర్మాణ సంస్థ ఇర్కాన్ మళ్ళీ వేసింది, 2015లో తెరిచారు. రైలు చివరి స్టేషన్‌లో దిగి ఒడ్డుకి నడిస్తే పాత రేవుకట్ట తుప్పు పట్టి కనిపించింది. అక్కడ ఒక పెద్దాయన తమిళంలో "ఎక్కడినుంచి?" అని అడిగాడు. ఆంధ్రా అన్నాను. చెయ్యి నీళ్ళవైపు చాపి, "మా నాన్న అటునుంచే వచ్చాడు" అన్నాడు.

ఇక ఇటు పాంబన్‌లో, 2022 డిసెంబర్‌లో పాత వంతెన మీద రైళ్ళు ఆపేశారు. 2025 ఏప్రిల్ 6న కొత్తది తెరిచారు. దీని మధ్య భాగం లిఫ్టులా నిట్టనిలువుగా లేస్తుంది.

వేమగిరి అమ్మాయి
అన్నీ చదివి వినిపించాను. నాయనమ్మగారి చెంబు దగ్గరికొచ్చేసరికి అమ్మ ఆపమంది. లోపలికెళ్ళి, మొన్న ధనుష్కోటిలో కొంగున ముడేసుకొచ్చిన ఇసుక తెచ్చి చూపించింది. నాకు తెలియనే తెలియదు. ప్రయాగకి ఎప్పుడు తీసుకెళ్తావని అడుగుతోంది. చెంబు గంగ గారూ, ఇసుక ఎంత కావాలి, ఎలా దాచాలి, కాస్త చెప్పండి.