మా అమ్మాయికి గేలిక్ ఫుట్‌బాల్ కెరీర్ అవుతుందా?

ప్రశ్న:
మేము ఐర్లాండ్‌లో, మేయో కౌంటీలోని కాసిల్‌బార్‌లో ఉంటాం. మా అమ్మాయికి 14 ఏళ్లు, గేలిక్ ఫుట్‌బాల్ (చేతులతో, కాళ్లతో ఆడే ఐర్లాండ్ ఆట) క్లబ్‌లో ఫార్వర్డ్. మేయో జట్టు మాజీ స్టార్ కోరా స్టాంటన్‌లా మేయోకి ఆడతానంటోంది. ఈ ఆటతో బతకొచ్చా? నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
అక్కా, జీతం ఉండదు. కౌంటీ జట్టుకి ఆడేవాళ్లు కూడా అమెచ్యూర్లే (జీతం లేకుండా ఆడేవాళ్లే). పగలు ఉద్యోగమో చదువో, సాయంత్రం ప్రాక్టీసు. నేను డబ్లిన్‌లో నాలుగేళ్లు క్లబ్‌కి ఆడాను. ఆఫీసు నుంచి నేరుగా గ్రౌండ్‌కి, ఇంటికొచ్చేసరికి రాత్రి పది. అయినా ఆ రోజులు మళ్లీ కావాలనిపిస్తుంది.
కోరా కథ పాపకి తప్పకుండా చెప్పండి. కార్నకాన్ క్లబ్ అమ్మాయి. 1999 ఆల్ ఐర్లాండ్ (కౌంటీల మధ్య జరిగే జాతీయ ఛాంపియన్‌షిప్) ఫైనల్‌కి ముందు కాలర్ బోన్ విరిగింది. అయినా జట్టు ఆమెను మైదానంలో నిలబెట్టి, ఆట మొదలయ్యాక బయటికి పంపింది. ఆ గౌరవం తలచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. మేయో ఆ ఏడాది గెలిచింది. 2000, 2002, 2003లో కూడా. ఏడాదిలో మేటి ఆటగాళ్లకిచ్చే ఆల్ స్టార్ అవార్డులే ఆమెకి 11 వచ్చాయి!

జవాబు 2:
డబ్బు కావాలంటే ఆస్ట్రేలియా దారి ఉందండి. అక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (గేలిక్ ఫుట్‌బాల్‌కి దగ్గరగా ఉండే ఆట) మహిళల లీగ్ జీతం ఇస్తుంది. కోరా 2018లో 36 ఏళ్ల వయసులో సిడ్నీ జట్టు జెయింట్స్‌కి ఆడడం మొదలుపెట్టింది. 2019లో కాలు విరిగినా మళ్లీ వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. కోరాది ఎడమకాలి ఆట కదా, మా పాపదీ అంతే! చదువు మాననన్నంతవరకూ ఆడమంటాను. శనివారం మ్యాచ్‌కి నేనే తీసుకెళ్తున్నాను.