ఇరవై ఏళ్లు దాటిన పోర్షేను తిరుపతిలో ఉంచుకోవడం సాధ్యమేనా?

రేణిగుంట_రోడ్డు
అందరికీ నమస్కారం. బెంగళూరులో 2004 మోడల్ పోర్షే బాక్‌స్టర్ ఎస్ ఒకటి అమ్మకానికి ఉంది. 3.2 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. కొత్త పెద్ద ఎస్‌యూవీకి పెట్టే డబ్బుకంటే తక్కువకే ఇస్తామంటున్నారు. డబ్బు సిద్ధంగా ఉంది. నిర్వహణకు ఏటా ఎంత పక్కన పెట్టాలో మాత్రం ఒక్కరూ సూటిగా చెప్పడం లేదు. మన ఊళ్లో ఇలాంటి కారు నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.

అలిపిరి_మలుపు
తమ్ముడూ, కొనవద్దు. నీకు తగ్గింది కొనుగోలు ధర ఒక్కటే. ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు ఏ ధర పలికిందో, స్పేరు పార్టులు ఇప్పటికీ ఆ స్థాయిలోనే వస్తాయి. ఇరవై ఏళ్లు గడిచాయని కంపెనీ వాటర్ పంపు ధర తగ్గించదు.

ఒక్కొక్కటే విను. ముందు బంపరు వెనక రేడియేటర్లు ఉంటాయి. ఆకులు, చెత్త వాటి ముందు పేరుకుని, తడికి అవి తుప్పు పడతాయి. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్‌ది, వయసు మీరితే పగులుతుంది. మన మే నెల ఎండలో అది ఎక్కడ పగులుతుందో ఎవరూ చెప్పలేరు. ఇక ఐఎంఎస్ బేరింగు, అంటే ఇంజిన్ లోపలి మధ్య షాఫ్టును మోసే బేరింగు. 2000 తర్వాత, 2005 వరకు వచ్చిన చాలా ఇంజిన్లలో ఒకే వరుస బాల్స్ ఉన్న బేరింగు వేశారు. అది అరిగి విరిగితే టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకుని మూసుకునే వేళ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, లోహపు ముక్కలు ఆయిలుతో పాటు ఇంజిన్ అంతా తిరుగుతాయి. తర్వాత మిగిలేది ఇంజిన్ మార్చడమే.

రిజిస్ట్రేషన్ కూడా చూసుకో. ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కారుకు పునరుద్ధరణ రుసుమే 80,000 రూపాయలు. 2025 ఆగస్టుకు ముందు అది 40,000.

ఈ జాతి కార్లన్నిటికీ కొన్నేళ్లకోసారి ఇంజిన్ దించి టైమింగ్ బెల్టు మార్చాలి. ఆ పని మన షెడ్లవాళ్లకు రాదు. ప్రతిసారీ లారీ మీద చెన్నై పంపాల్సిందే.

కపిలతీర్థం
కొని ఎక్కడ నడుపుతారు? కొండ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నిబంధన. అంతకంటే ముందు చేరకూడదు. దీనికి 3.2 లీటర్లు ఎందుకు?

చిత్తూరు_షెడ్డు
అలిపిరి సార్, బాక్‌స్టర్‌లో టైమింగ్ బెల్టే లేదు. చెయిన్లు ఉన్నాయి. ఇంజిన్ దించి బెల్టు మార్చాలన్నది ఫెరారీ 355 సంగతి, 1994 నుంచి 1999 వరకు వచ్చిన కారు. ఆ తర్వాతి 360 మోడెనాలో సీట్ల వెనక మూత తీస్తే బెల్టు చేతికి అందుతుంది, ఇంజిన్ దించనక్కర్లేదు. 2004లో వచ్చిన ఎఫ్430కి అసలు చెయిన్లే పెట్టారు. తెలియని విషయాన్ని "అన్నిటికీ" అని రాస్తే కొనేవాళ్లు భయపడతారు, మావంటి వాళ్ల పని పోతుంది.

అలిపిరి_మలుపు
బెల్టో చెయినో, నేను అడిగింది ఖర్చు. 355కి ఆ సర్వీసు అమెరికాలోనే పది వేల డాలర్ల దగ్గర పలుకుతుంది.

చిత్తూరు_షెడ్డు
ఈ చర్చలో 355 ఎక్కడుంది సార్? తమ్ముడు అడిగింది బాక్‌స్టర్ గురించి. ముందు బెల్టు ఉందన్న మాట వెనక్కి తీసుకోండి.

అలిపిరి_మలుపు
సరే, నా అనుభవం చెబుతాను. నా పాత జర్మన్ కూపేను తిరుపతిలోనే ఒక షెడ్డుకు బ్రేకుల పనికి ఇచ్చాను. జాకీ పెట్టాల్సిన చోట పెట్టకుండా అడుగు రేకు సొట్ట పెట్టారు. చక్రాల లాకు బోల్టులు విప్పే సాకెట్ పోగొట్టారు. అడుగు కవరు క్లిప్పులన్నీ విరిచి, ప్లాస్టిక్ తాళ్లతో కట్టి పంపారు. అడిగితే "పాత బండి కదా సార్" అన్నారు. రెండు రోజుల్లో అవుతుందన్న పని వారాలకు పోయింది, బిల్లు మొదట చెప్పినదానికి రెట్టింపయింది. అందుకే చెన్నై అంటున్నాను. చిత్తూరు వారికి కోపం వస్తే రానివ్వండి.

స్వర్ణముఖి
పెట్రోలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. 2004 నాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికోసం చేసినవి కావు. కొన్నవెంటనే ఇంధనం గొట్టాలన్నీ మార్పించండి. అదేమంత పెద్ద ఖర్చు కాదు.

చిత్తూరు_షెడ్డు
సాకెట్ పోగొట్టిన షెడ్డు నాది కాదు. వాళ్లు చేసింది తప్పే. ఇప్పుడు నా వైపు కూడా వినండి.

తక్కువ ధరకు వచ్చిందని ఒకాయన పాత ఇటాలియన్ కారు కొన్నారు. క్లచ్ పోయిందని నా షెడ్డుకు తెచ్చారు. గేర్‌బాక్సు దించాం. చూస్తే ఫ్లైవీలు కూడా పోయింది. వెనక సీలు నుంచి ఆయిలు కారుతోంది. సైలెన్సర్ వైపు బోల్టులు ఏళ్ల తరబడి వేడికి పట్టేసి, విప్పుతుంటే రెండు విరిగాయి. పార్టులకు అడ్వాన్సు అడిగితే మర్నాడు వస్తానన్నారు. ఇప్పుడు ఫోను ఎత్తరు. ఆ కారు నా షెడ్డులో ఒక బండి జాగా ఆక్రమించి ఉంది. దాని కింద నేల అద్దె నేనే కడుతున్నాను. కుర్రాళ్ల జీతాలు నేనే ఇచ్చాను. ఆయన మాత్రం నేను కారు పాడుచేశానని ఊరంతా చెబుతున్నారు.

కారు ఖరీదైందా చవకైందా అన్నది కాదు నా బాధ. కొనేటప్పుడు చేతిలో ఉన్నదంతా ఊడ్చి కొంటారు, మొదటి బిల్లు మామీద పడేస్తారు.

అలిపిరి_మలుపు
అంటే మీరూ కొనవద్దనే అంటున్నారు!

చిత్తూరు_షెడ్డు
కాదు. కొనమనే అంటున్నాను. అంత మంచి ఇంజిన్, సీట్ల వెనకే కూర్చుని, ఆరు సిలిండర్లు రెండు వైపులకూ పడుకుని తిరుగుతుంటే ఆ శబ్దం కోసం ఏ పనైనా చేయవచ్చు. కానీ ధర బేరమాడే రోజే మొదటి ఏడాది మరమ్మతుల డబ్బు విడిగా తీసి పెట్టుకుని కొనమంటున్నాను. క్లచ్ ఎలాగూ ఒకనాడు మార్చాలి. దానికి గేర్‌బాక్సు దించుతారు. ఐఎంఎస్ బేరింగు, వెనక సీలు అప్పుడే మారిస్తే గేర్‌బాక్సు దించిన కూలి ఒక్కసారితో పోతుంది. రెండుసార్లు దించితే రెండు కూలీలు. ఖర్చు తగ్గించుకునే దారి ఇదే.

అలిపిరి_మలుపు
సరే, అసలు ప్రశ్న అడుగుతాను. మీరు లక్ష అవుతుందని అంచనా ఇచ్చారనుకోండి. విప్పాక బోల్టు విరిగింది, లక్షన్నర అయింది. ఆ యాభై వేలు నేనెందుకు కట్టాలి? విప్పింది మీరు. అనుభవం ఉందన్నది మీరు. విరుగుతుందని ముందే తెలిసుండాలి కదా?

చిత్తూరు_షెడ్డు
తెలుసు. విరగవచ్చని తెలుసు. ఎన్ని విరుగుతాయో విప్పేదాకా తెలియదు. ఇరవై ఏళ్లు మీరు, మీకు ముందు నలుగురు యజమానులు నడిపిన కారు అది. ఆ తుప్పు నా షెడ్డులో పుట్టింది కాదు. దాని ఖర్చు నేను భరించాలంటే నా అంచనాలోనే రెట్టింపు వేసి చెప్పాలి. అప్పుడు మీరే దొంగ అంటారు.

అలిపిరి_మలుపు
అనను. ముందే రెట్టింపు చెబితే ఇష్టమైతే ఇస్తాను, లేకపోతే వెళ్లిపోతాను. మధ్యలో, ఇంజిన్ విప్పి పెట్టి చెప్పినప్పుడు నాకు దారేది? కారు నడవదు, మరో చోటికి తీసుకువెళ్లలేను. అప్పుడు మీరు ఎంత చెబితే అంత. నా కూపే విషయంలో జరిగింది అదే. సొట్ట కంటే నాకు అది ఎక్కువ బాధ.

పాకాల_అక్క
మా అన్నయ్య ఇలాంటి కారు కొన్నప్పుడు టైర్లకు, బ్యాటరీకి వదిన నగలు తాకట్టుకు వెళ్లాయి. మెకానిక్, యజమాని ఎవరు కట్టాలో తేల్చుకోండి గానీ, ఇంట్లోవాళ్లను కూడా ఒక మాట అడగండి.

రేణిగుంట_రోడ్డు
అక్కా, ఇంట్లో చెప్పాను. నాన్నగారు సరే అన్నారు, పొలం జోలికి మాత్రం వెళ్లవద్దన్నారు.

అమ్మే ఆయనకు నిన్న ఫోను చేశాను. క్లచ్ ఎప్పుడు మార్చారో బిల్లు ఉందా అని అడిగితే లేదన్నారు. ఆయిల్ ఫిల్టర్ మూత విప్పి, లోపలి కాగితం మడతల్లో లోహపు మెరుపు ఉందేమో చూపించమంటే "ఇంత అనుమానం ఉంటే కొనకండి" అని పెట్టేశారు.

చిత్తూరు అన్నా, మీ దగ్గర లిఫ్టు ఉందా? ఆయన ఒప్పుకుంటే కారును ముందు మీకు చూపిస్తాను.

చిత్తూరు_షెడ్డు
రెండు స్తంభాల లిఫ్టు ఉంది. బాక్‌స్టర్‌కు అది తప్పనిసరి, ఇంజిన్ పని చాలావరకు కింది నుంచే. కానీ ఫిల్టర్ చూపించని మనిషి దగ్గర నేనైతే కొనను. ఇంకొకటి వెతుకుదాం. చూసే కూలి ముందే చెబుతాను, కాగితం మీద రాసిస్తాను.

అలిపిరి_మలుపు
ఆ కాగితం మీదే ఇంకో వాక్యం కూడా రాయండి. అంచనా దాటితే పని ఆపి ఫోటోలు పంపుతామని, నేను వద్దంటే అప్పటిదాకా అయిన కూలి మాత్రమే తీసుకుని తిరిగి బిగించి ఇస్తామని. అది రాస్తే నా కూపే నేనే చిత్తూరు తెస్తాను.

చిత్తూరు_షెడ్డు
తిరిగి బిగించే కూలి కూడా కలిపి రాస్తాను. ఒప్పుకుంటే తీసుకురండి.

అలిపిరి_మలుపు
బిగించే కూలి ఎందుకు? విప్పమన్నది మీరు.