పండ్లకు పులుసా, చిరకా? చిరకలో దీర్ఘం ఉందా?

మట్టలాదివారం:
"పండ్లకు చిరక, కండ్లకు పొగ." చిరక అంటే వెనిగరే. నాలుక మీదే ఆడుతోంది గానీ ఎక్కడిదో అందడం లేదు. బైబిలు సామెతల గ్రంథంలోది కావాలి. శ్రమకాలపు అనుదిన ధ్యానాల్లో పరిశుద్ధ వారపు బుధవారానికి 69వ కీర్తన పెట్టాం. "నాకు దప్పియైనప్పుడు చిరకను త్రాగనిచ్చిరి" దగ్గర ఈ సామెత కలిపితే బాగుంటుందని ఆలోచన. రెండో సంగతి: "చిరకా" అనాలా, "చిరక" అనాలా? యేసు సిలువ ఘట్టంలో మత్తయిలో "చిరకాలో ముంచి" అని దీర్ఘం, యోహానులో "చిరకతో నిండియున్న" అని హ్రస్వం. రెండు వచనాలూ ఒకే పేజీలో పడుతున్నాయి, ప్రూఫు చూసేవారు ఊరుకోరు.

పాతప్రతి:
సామెతలు 10:26. అక్కడ చిరక లేదండీ. "సోమరి తనను పని పెట్టువారికి పండ్లకు పులుసువంటివాడు, కండ్లకు పొగవంటివాడు." మీకు 25:20 వచ్చి ఇందులో కలిసింది. "సురేకారముమీద చిరక పోయువానితోను" అన్నది అక్కడిది.

తేటగీతి:
అక్కడ పులుసే పడాలి, వేరే మాట పడదు. పైకి చదివి చూడండి. పండ్ల, కండ్ల: ప్రాస. పులుసు, పొగ: యతి. ఉ ఊ ఒ ఓ లకు మైత్రి ఉంది గనక పు-కి పొ హాయిగా చెల్లుతుంది. పులుసు తీసి చిరక పెట్టారా, ప్రాస మిగిలి యతి పోయింది. అనువాదం జరుగుతున్న గదిలో పద్యం చెప్పగల పండితుడు ఒకాయన కూర్చున్నాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

నకారపొల్లు:
యతి దాకా ఎందుకు మాస్టారూ. పళ్లు పులవడం మన పలుకుబడి. యిర్మీయా 31:29, యెహెజ్కేలు 18:2 చూడండి, తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి. పళ్ల మాట వచ్చాక పులుపు దానంతటదే వస్తుంది, పండితుణ్ణి పిలిపించనక్కర్లేదు. అసలు తిప్పలు ఇప్పటి చదువరితో. పులుసు అనగానే గిన్నెలో బెండకాయ ముక్కలు తేలతాయి. అక్కడ పులుసంటే ఒట్టి పులుపు, పళ్లు జివ్వుమనే పులుపు. ధ్యానంలో ఆ ముక్క ఒక్క వాక్యంలో చెప్పకపోతే సోమరికి విందు చేసినట్టుంటుంది.

పాతప్రతి:
మూలం చూస్తే మీ ఇద్దరి వాదాలకూ పని పడుతుంది. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే మాట, హోమెత్స్. పాత నిబంధనలో అది వచ్చే వచనాలు ఐదే: సంఖ్యాకాండము 6:3, రూతు 2:14, కీర్తన 69:21, సామెతలు 10:26, 25:20. నాలుగింట మనవాళ్లు చిరక అన్నారు, 10:26లో ఒక్కచోట పులుసు. దేవునికి మొక్కుకున్న నాజీరు ముట్టకూడనిదీ అదే, బోయజు పొలంలో రూతు ముక్క ముంచుకున్నదీ అదే. కాబట్టి కీర్తన పక్కన సామెత పెట్టడం తప్పు కాదు. అయితే "అదే మాట" అని ఊరుకుంటే చదివేవాడు 10:26 తెరుస్తాడు, పులుసు కనబడుతుంది, పుస్తకం మూస్తాడు. "హీబ్రూలో అదే మాట" అనండి.

ఇంకో గోతి కూడా ఉంది. హీబ్రూ లెక్కలో కీర్తన పైనున్న శీర్షికే ఒకటో వచనం, అందుకని అక్కడ ఇది 69:22. కతోలిక పఠనాల పట్టికలో ఆ బుధవారానికి ఇదే కీర్తన, సంఖ్యలు హీబ్రూవి. పట్టిక చూసి సంఖ్య ఎక్కించి, పాఠం మన బైబిలు నుంచి దించితే ఒక వచనం జరిగిపోతుంది. 69 ఒక్కటే కాదు, 51వ కీర్తనలో ఏకంగా రెండు జరుగుతాయి.

మట్టలాదివారం:
వచన సంఖ్యల సంగతి బంగారం లాంటి మాట, ఇప్పుడే సరిచేస్తాం. దీర్ఘం మాటేమిటి మరి?

తేటగీతి:
హ్రస్వమే. చిరక మూడు లఘువులు, నగణం, అంటే సూర్యగణం. తేటగీతి పాదం మొదట అలా ఒదిగిపోతుంది. చిరకను అంటే నలం, ఇంద్రగణం, రెండో చోటికి సరి. చిరకా అంటే సగణం, అది సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. గీతాల్లో కాలు పెట్టలేదు.

నకారపొల్లు:
"చిరకాను" సలం కాదా? సలం ఇంద్రగణం కాదా? ఇక ఒట్టి చిరకా అంటారా, మత్తేభం సగణంతోనే మొదలవుతుంది. ఏనుగు మోసేదాన్ని గీతం మోయకపోతే తప్పు మాటది కాదు. అయినా వచన గ్రంథంలో దీర్ఘం తేల్చడానికి గణాలేమిటండీ!

చార్‌కమాన్:
ఇది పారశీకపు సిర్కా. హిందీ బైబిలులో ఇప్పటికీ సిరకాయే. ఆ దారిన మనకొచ్చిన మాటలు చూడండి: ఖజానా, పరదా, సీసా, బస్తా. చివర దీర్ఘం. విభక్తి తగిలినా పోదు. ఖజానాలో అంటాం, ఖజనలో అనం. పరదాతో అంటాం, పరదతో అనం. కాబట్టి మత్తయిలో ఉన్న "చిరకాలో" శుద్ధం, యోహానులోదే జారింది.

పాతప్రతి:
జారడం కాదు, ఇంటి మనిషి కావడం. సిర్కాలో ర్క విడిపోయి రక అయింది. అప్పుడు మాట అచ్చం చిలక, గిలక వరసలో పడింది. చిలకతో, గిలకలో, అలాగే చిరకతో, చిరకలో. ఖజానాకూ పరదాకూ అలా కలుపుకునే జోడు లేదు, అందుకే వాటి దీర్ఘం నిలిచింది. కీర్తనలో "చిరకను", రూతులో "చిరకలో", అన్నీ హ్రస్వమే. మత్తయి ఒక్కటే పాత రూపం పట్టుకుని కూర్చుంది.

వ్యవహారంలోనూ హ్రస్వమే నయం. గుళ్లో "చిరకాలో ముంచి" అని గట్టిగా చదివితే సగం చెవులకు చిరకాలం వినబడుతుంది.

కొల్లేరుగట్టు:
అసలు మాటే అది అయి ఉండొచ్చుగా? చిరకాలం నిలవుండేది గనక చిరక. ఊరగాయలు పాడవకుండా వేసేది అదే కదా.

చార్‌కమాన్:
అలాగైతే సిపాయి సిపాయికాలం నుంచి వచ్చాడనాలి.

తేటగీతి:
నవ్వకండి, ఆ చి దగ్గరే అసలు ముడి ఉంది. సిపాయి, సిఫారసు, సీసా అన్నీ స-తోనే ఉండిపోయాయి. ఇదొక్కటే చ-కి ఎందుకు మారింది? తమిళం మీదుగా వచ్చిందని నా అనుమానం. అక్కడ స-కీ చ-కీ ఒకటే అక్షరం. మద్రాసులో అచ్చు, మద్రాసులో కూర్పు.

పాతప్రతి:
తమిళ బైబిలులో ఈ ఘట్టంలో ఉన్న మాట కాడి. సిర్కా కానే కాదు. వాళ్లు వాడని మాటను వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకున్నామా?

నా లెక్క ఇది. చెయ్యిని సెయ్యి, చీకటిని సీకటి, చెప్పును సెప్పు అనే పలుకుబడి మనకు ఊరూరా ఉంది. చదువుకున్నవాడికి స వినబడగానే దిద్దబుద్ధవుతుంది. సిరకా కూడా పల్లెటూరి ఉచ్చారణే అనుకుని చిరకాగా "బాగుచేశారు". సిపాయి, సిఫారసు కచేరీ మాటలు, కాగితాల మీద రోజూ కనబడేవి, కాబట్టి ఎవరూ చెయ్యి పెట్టలేదు. వంటింటి మాటకు ఆ రక్షణ లేదు.

నకారపొల్లు:
బాగుంది గానీ అలా బాగుచేసిన ఇంకో అన్యదేశ్యం చూపించండి, ఒప్పుకుంటాను. ఒక్కటి చాలు.

తేటగీతి:
పారశీకం మాట వచ్చింది గనక. ఫిరదౌసి మీద కావ్యం చెప్పిన జాషువాయే క్రీస్తు చరిత్ర కూడా చెప్పాడు, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం దానికే. ఈ ఘట్టంలో ఆయన చిరక అన్నాడా, పులుసు అన్నాడా, రెండూ కాదని ఆమ్లరసం లాంటిదేదైనా వేశాడా? పుస్తకం దగ్గరున్నవారు తీయండి. నగణం వదులుకునే మనిషి కాదాయన.

చార్‌కమాన్:
పురస్కారం గబ్బిలానికి రావలసింది. 1941 నాటి కావ్యం, ఇప్పటికీ చదువుతుంటే వేడి తగులుతుంది.

నకారపొల్లు:
నాకు ఫిరదౌసే మిన్న. పద్యానికో బంగారు నాణెం అని ఆశపెట్టి చివరికి వెండి చేతిలో పెట్టిన సుల్తాను కథ. దప్పికకు చిరక ఇవ్వడమంటే అదీ! మట్టలాదివారం గారూ, ధ్యానంలో వాడుకోండి, నా పేరు వేయనక్కర్లేదు.

మట్టలాదివారం:
సుల్తాను వద్దులెండి, పేజీకి ఇరవై ఐదు పంక్తులే చోటు. భస్మ బుధవారం నుంచి పునరుత్థాన పండుగ ముందు శనివారం దాకా 46 రోజులు, అందులో ఆదివారాలు ఆరు పోతే 40 పేజీలు. 25:20 కూడా కలపొచ్చా? సురేకారం మీద చిరక పోస్తే ఏమవుతుంది?

పాతప్రతి:
ఏమీ కాదు. అదే చిక్కు. సురేకారం అంటే తుపాకిమందులో వేసే పొటాషియం నైట్రేటు. దాని మీద వెనిగర్ పోస్తే తడుస్తుంది, అంతే. హీబ్రూలో ఉన్నది నెతెర్, ఐగుప్తు సరస్సుల ఒడ్డున దొరికే సోడా క్షారం. అందులో ఉన్నది సోడియం కార్బనేటు. దాని మీద పులుపు పడితే బుసబుస పొంగుతుంది, పొంగు తగ్గాక క్షారపు గుణం చచ్చిపోయి బట్ట ఉతకడానికి కూడా పనికిరాదు. దుఃఖంలో ఉన్నవాడికి పాట వినిపించడం అలాంటిదని సామెత. ఇంగ్లీషు నైటర్ ఒకప్పుడు ఈ సోడాక్షారానికే పేరు, తర్వాత సురేకారానికి అంటుకుంది. అనువాదంలో ఆ తర్వాతి అర్థం దిగింది.

తమాషా ఏమంటే నెతెర్ బైబిలులో వచ్చేది రెండుసార్లే. రెండోది యిర్మీయా 2:22. అక్కడ మనవాళ్లే చక్కగా "క్షారమృత్తిక" అన్నారు! ఒకే గ్రంథం, ఒకే మాట, ఒకచోట ఒప్పు, ఒకచోట తుపాకిమందు.

కొల్లేరుగట్టు:
క్షారమృత్తిక ఎందుకండీ, చవుడు అంటే సరిపోయేది. చాకిరేవులో బట్టలకు పెట్టేది అదే. చవుటి మీద పులుపు పోస్తే పొంగడం పల్లెల్లో తెలియనిది కాదు.

పాతప్రతి:
చవుడు దివ్యంగా ఉంది. ఆ మాట అప్పట్లోనే పడి ఉంటే ఈ వచనానికి వ్యాఖ్యానమే అక్కర్లేకపోను.

మీ బుధవారం పేజీకి ఇంకొక జాగ్రత్త. "చేదును నాకు ఆహారముగా పెట్టిరి" అని అదే వచనంలో ఉంది చూడండి, దాంతో అందరూ రెండు పానీయాలనూ ఒకటి చేసేస్తారు. మొదటిది మేకులు కొట్టకముందు ఇచ్చింది. మత్తయి 27:34లో చేదు కలిపిన ద్రాక్షారసం, మార్కు 15:23లో బోళం కలిపినది. అది పుచ్చుకోలేదు. రెండోది మరణానికి ముందు స్పంజీతో అందించిన చిరక. యోహాను 19:30 ప్రకారం అది పుచ్చుకున్నాడు. శుభ శుక్రవారం, సిలువ మీది ఏడు మాటల్లో ఐదో మాట "దప్పిగొనుచున్నాను" మీద చెప్పేవారు "ఆ చిరకను ఆయన నిరాకరించెను" అనేస్తుంటారు, వెంటనే ఆరో మాటకు లేచినవారు "ఆ చిరక పుచ్చుకొని" అని చదువుతారు. వింటున్నవాళ్లకు ఏది నమ్మాలో తెలియదు.

నకారపొల్లు:
ఆ తికమకకు ఒక వంశవృక్షం ఉంది. మత్తయి 27:34లో పాత అచ్చు గ్రీకు పాఠం ఓక్సొస్, అంటే చిరకే. కింగ్ జేమ్స్‌లో అందుకే రెండు చోట్లా వెనిగరు. ప్రాచీన ప్రతుల్లో ఉన్నది ఓయినొస్, ద్రాక్షారసం. మన తెలుగు దాన్నే పట్టుకుంది. ఇంగ్లీషు ప్రసంగాలు చూసి రాసుకునేవారికి ఆ వెనిగరు వచ్చి అంటుకుంటుంది.

చార్‌కమాన్:
అసలది క్రూరత్వమేనా అని కూడా అడగాలి. పులిసిన ద్రాక్షారసంలో నీళ్లు కలిపిన పోస్కా రోమను సిపాయిల రోజువారీ తాగుడు. చవక, దప్పిక తీరుస్తుంది. పాత్ర అక్కడే ఉందంటే వాళ్లకోసం తెచ్చుకున్నదే అయి ఉంటుంది. లూకా 23:36లో అదే వేళాకోళంగా ఇచ్చారు, అది వేరు. చిరక అంటే ఈనాటి చెవికి సీసాలో ఘాటు వెనిగర్ అనిపిస్తుంది. కొత్త వాడుకభాష అనువాదాలు "పులిసిన ద్రాక్షారసం" అంటున్నది అందుకే.

తేటగీతి:
పులిసిన ద్రాక్షారసం! ఎనిమిదక్షరాలు. దప్పిగొన్నవాడు అంతసేపు ఆగాలా?

కొల్లేరుగట్టు:
స్పంజీ తగిలించింది మత్తయి, మార్కుల్లో రెల్లుకు, యోహానులో హిస్సోపు పుడకకు. హిస్సోపు చిన్న మొక్క కదా, తడిసిన స్పంజీ బరువుకు ఆ పుడక వంగదా?

పాతప్రతి:
వంగుతుందనే కొందరు గ్రీకులో ఒక అక్షరజంట తీసేశారు. హుస్సోపొస్ హిస్సోపు, హుస్సొస్ ఈటె. ఈటెకు గుచ్చి అందించారని పదహారో శతాబ్దంలోనే ఊహ చేశారు. చాలా ఆలస్యపు చేతిప్రతి ఒకదానిలో ఆ రూపం ఉంది కూడా. కానీ నిర్గమకాండము 12:22లో పస్కా రక్తం తాకించింది హిస్సోపు కుంచెతో. యోహాను దాన్ని వదులుకుంటాడా?

తేటగీతి:
హుస్సోపొస్‌లో ఆ పో హ్రస్వమా, దీర్ఘమా?