ఆఫీసులో టెస్ట్ మెయిల్ పంపితే 22 మందిలో 13 మంది నొక్కేశారు, ఇప్పుడేం చేయాలి?

ఆటోనగర్_అడ్మిన్:

అందరికీ నమస్తే. విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేస్తున్నాను. పేరుకి ఐటీ అడ్మిన్ని, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు. దసరా తర్వాత ఒక రోజు మేం ఎప్పుడూ సరుకు తెప్పించుకునే సప్లయర్ పేరుతో అకౌంట్స్‌కి మెయిల్ వచ్చింది, మా బ్యాంకు మారింది, ఇకమీదట డబ్బులు ఈ కొత్త అకౌంటుకి వేయండి అని, కింద మా పాత బిల్లు కూడా జతచేసి. 2 లక్షల 40 వేలు పోవాల్సిందే. పేమెంట్లు చేసే మేడం ఆ రోజు సెలవు, ఈలోగా అసలు సప్లయరే బాకీ ఏమైందని ఫోన్ చేశాడు కాబట్టి బయటపడింది, ఇందులో మా తెలివేం లేదు.

దాంతో మా ఓనర్ సార్‌కి టెన్షన్ పట్టుకుంది. మనమే ఒక దొంగ మెయిల్ పంపి చూద్దాం అన్నారు. నేను "సంక్రాంతి బోనస్ లిస్ట్, మీ పేరు చూసుకోండి" అని పెట్టాను. మెయిల్ ఐడీ ఉన్నవాళ్లు 22 మంది, 13 మంది అందులోని లింకు నొక్కారు, అందులో ఆరుగురు పాస్‌వర్డ్ కూడా కొట్టేశారు. (పంపమన్నది తనే అన్న సంగతి మర్చిపోయి సార్ కూడా నొక్కారు, అది ఎవరికీ చెప్పలేదు.) ఇప్పుడు పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టి తలా 500 కట్ చేయమంటున్నారు. అకౌంట్స్ మేడం మూడు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. ఒక ట్రైనింగ్ వాళ్లని అడిగితే ఒక్కరోజు క్లాసుకి 25 వేలు అన్నారు. అంత పెడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా? మీ ఆఫీసుల్లో ఎలా నేర్పిస్తున్నారు?

మాదాపూర్_మామ:

తమ్ముడూ, ముందు ఆ నోటీసు బోర్డు ఆలోచన ఆపించు. రేపు నిజంగానే ఎవరైనా నొక్కితే ఏం చేస్తారు? 500 పోతాయని నోరు మూసుకుని కూర్చుంటారు. నొక్కిన ఐదు నిమిషాల్లో నీ చెవిన వేస్తే పాస్‌వర్డ్ మార్చి ఆపొచ్చు, మర్నాడు తెలిస్తే నువ్వు చేసేదేం లేదు.

బోనస్ ఎర కూడా పొరపాటే. 2020 డిసెంబర్‌లో గోడాడీ (వెబ్‌సైట్ పేర్లు అమ్మే అమెరికా కంపెనీ) వాళ్లు ఇదే పని చేశారు, 650 డాలర్ల పండగ బోనస్ అని స్టాఫ్‌కి టెస్ట్ మెయిల్ పంపితే 500 మంది దాకా దొరికిపోయారు, కరోనా కష్టాల్లో ఉన్న జనానికి డబ్బు ఆశ చూపించారని అందరూ తిట్టాక కంపెనీయే సారీ చెప్పింది. పండగ ముందు బోనస్ అంటే నేనైనా నొక్కుతాను, దాంట్లో తెలివితక్కువతనం ఏముంది.

క్లాసు సంగతి. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు ఒక పెద్ద కంపెనీలో 15 నెలలపాటు 14,000 మందికి పైగా ఉద్యోగులని గమనించారు. నొక్కగానే "నువ్వు మోసపోయావు, ఇదిగో పాఠం" అని పేజీ చూపిస్తే జనం మారకపోగా కొంచెం ఎక్కువ నొక్కారు. అదే స్టడీలో బాగా పనిచేసింది మాత్రం అనుమానం వచ్చిన మెయిల్‌ని ఒక్క బటన్‌తో రిపోర్ట్ చేసే పద్ధతి. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగో హాస్పిటల్స్‌లో 19,500 మంది మీద 8 నెలలు చూస్తే ట్రైనింగ్ అయినవాళ్లకీ కానివాళ్లకీ తేడా 1.7 శాతం. ఆ 25 వేల వాళ్లకి ఒక దణ్ణం పెట్టి, అందరికీ మెయిల్‌లో రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కోడ్ కూడా అడిగేది) ఆన్ చేయి, పాస్‌వర్డ్ కొట్టేసినా చాలావరకు కాపాడుతుంది.

గుంటూరు_లెడ్జర్:

నేను 18 ఏళ్లుగా అకౌంట్స్‌లో ఉన్నానండి, మీ మేడం తరఫున ఒక మాట. మార్చిలో రోజుకి డెబ్బై ఎనభై మెయిల్స్ వస్తాయి, ప్రతి దాన్నీ భూతద్దం పెట్టి చూడమంటే కుదరదు. ఇదివరకు పనిచేసిన చోట మాకు సరిగ్గా ఇదే జరిగింది, 90 వేలు. సప్లయర్ అడ్రస్‌లో ఇంగ్లిష్ ఎం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టారు, ఫోన్ స్క్రీన్ మీద ఆ రెండూ అతుక్కుని అచ్చం ఎం లాగే కనబడతాయి, ప్రింటు తీసి అక్షరాల కింద స్కేలు పెట్టి చూస్తే గానీ నాకు తెలియలేదు. మనకి చిన్న అచ్చులో మ, య కలిసిపోయినట్టే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి నాలుగు గంటలు దాటింది, 31 వేలు మాత్రం హోల్డ్‌లో పడ్డాయి.

అప్పటినుంచి నా పద్ధతి ఒక్కటే. ఎవరు అకౌంట్ నంబర్ మార్చమన్నా మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబర్ ముట్టుకోను, మా లెడ్జర్‌లో రాసున్న పాత నంబరుకి చేస్తాను, గుర్తున్న గొంతు వినిపిస్తేనే మారుస్తాను. ఇంకో విషయం, ఒకప్పుడు నెఫ్ట్‌లో అకౌంట్ నంబర్ తప్ప పేరు చూసేవాళ్లు కాదు, 2025 ఏప్రిల్ 1 కల్లా నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకి డబ్బు వేసే ముందే ఖాతాదారు పేరు కనబడే సౌకర్యం పెట్టాలని బ్యాంకులకి ఆర్బీఐ చెప్పింది. ఆ పేరు చదవకుండా ఓకే కొట్టకండి. మీరు వెళ్లి మేడంకి సారీ చెప్పి ఈ రూలు ఆవిడ చేతే రాయించండి.

సూటిగా_సుత్తిలేకుండా:

ఎన్ని చెప్పినా నొక్కేవాడు నొక్కుతాడు. ఫైన్ వేస్తే గానీ బుద్ధి రాదు.

మాదాపూర్_మామ:

ఓనర్ గారి దగ్గర కూడా 500 వసూలు చేద్దామా మరి?

గోడౌన్_కబుర్లు:

మెయిల్ వాళ్ల సంగతి సరే, మెయిల్ లేని మీ గోడౌన్ కుర్రాళ్లు, డెలివరీ డ్రైవర్ల మాటేంటి? వాళ్లకి దెబ్బంతా వాట్సాప్‌లోనే. పెళ్లి కార్డు అనో, బండి మీద చలానా అనో ఒక ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్ వస్తుంది, తెరిస్తే ఇన్‌స్టాల్ చేయమంటుంది, మెసేజ్‌లు చదివే పర్మిషన్ ఇచ్చారంటే ఓటీపీలన్నీ అవతలివాడికి వెళ్లిపోతాయి. మా డ్రైవర్ ఒకడికి సొంత మేనమామ నంబర్ నుంచే వచ్చింది, ఆయన ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంది. మేం క్లాసులేం పెట్టలేదు. శనివారం జీతాలిచ్చే టైంలో పది నిమిషాలు ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ పెద్దది చేసి టీవీలో చూపించి, ఫైల్ పేరు చివర ఏముందో మీరే చదవండ్రా అన్నాం. శుభలేఖ అయితే ఫోటోనో పీడీఎఫ్‌నో అవ్వాలి గానీ యాప్ ఎందుకవుతుంది? అది వాళ్లకి ఠక్కున ఎక్కింది.

లింకులకి కూడా అంతే. బ్యాంకుల సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారడానికి ఆర్బీఐ 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. కానీ ఆ మాట లింకులో ఎక్కడో ఒకచోట ఉంటే చాలదు, https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకి (/) సరిగ్గా ముందు ఉండాలి.

ఆటోనగర్_అడ్మిన్:

అందరికీ థాంక్స్. ఫైన్ ఆగింది, సార్ కూడా నొక్కారని ఆయనకి విడిగా గుర్తుచేయాల్సి వచ్చింది. "ఇది నిజమేనా" అని వాట్సాప్ గ్రూపు పెట్టాను, అనుమానం వచ్చింది ఏదైనా అందులో పడేయమన్నాను. లెడ్జర్ మేడం గారూ, మీ పాత నంబర్ రూలు మా మేడం సొంతంగా రాసి తన టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు. నిన్న గ్రూపులో మొదటి ఫిర్యాదు ఆవిడదే, "అర్జెంట్, మీటింగ్‌లో ఉన్నా, ఈ అకౌంటుకి 18 వేలు వేయి" అన్న మెసేజ్. ఆవిడ ఫోన్ చేసి కనుక్కుంటే అది నిజంగా సారే పంపారట. సార్ విసుక్కున్నారు గానీ, ఆయన గొంతు విన్నాకే మేడం డబ్బులు వేశారు.