అడిగిన జీతమా, అడిగినఁ జీతమా? ఒక అరసున్నా, కొన్ని రగ్బీ లీగ్ క్లబ్బులూ

పడమటి సిడ్నీ:
పెద్దలకు నమస్కారం. ఇక్కడి తెలుగువాళ్ల సంచికకు, వృత్తి రగ్బీ లీగ్ (రగ్బీ ఆటలో ఒక శాఖ) క్లబ్బులను ఎవరు నడపాలన్న విషయం మీద వ్యాసం రాయడానికి పూనుకున్నాను. ఎత్తుగడగా సుమతీ శతకంలోని ‘అడిగిన జీతం బియ్యని / మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్ / వడిగల యెద్దుల గట్టుక / మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ’ అన్న పద్యం పెట్టుకుందామనుకొని, మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. మా నాన్నగారు ఈ పద్యం చదివేటప్పుడు ‘అడిగిన’ దగ్గర ఒక్క క్షణం నిలిచి, నకారాన్ని కాస్త ముక్కుతో పలికి, అప్పుడు ‘జీతం’ అందుకొనేవారు. ఆయన చదివింది ‘అడిగినఁ జీతం’ అనుకోవాలా? అరసున్న లేకపోతే దొర ఇయ్యనిది మనం కోరినంత జీతం. ఉంటే, రావలసిన జీతాన్ని అడిగినా ఇయ్యడని అర్థం. రగ్బీ లీగ్ పుట్టిందే ఇలాంటి జీతం తగాదా మీద కనుక తేడా నాకు ముఖ్యం.

గణవిభజన:
ఛందస్సు మీకు సాయపడదు. ‘అడిగిన’ నలము, ‘జీతం’ గగము, ‘బియ్యని’ భగణము. అరసున్న పెట్టినా నకారం లఘువుగానే ఉంటుంది కాబట్టి కందానికి లోటు రాదు. సంధి కూడా సాక్ష్యం చెప్పదు. అక్కడ ‘కూలి’ అని ఉంటే ‘అడిగినఁ గూలి’ అని సరళాదేశం (‘క’ ‘గ’గా మారడం) బయటపడేది. ‘జీతం’ ముందునుంచే సరళంతో మొదలవుతుంది గనుక ద్రుతం (మాట చివరి నకారం) ఉన్నదీ లేనిదీ దాగిపోయింది. నా మట్టుకు నేను అరసున్న లేని పాఠాన్నే సమర్థిస్తాను. ‘అడిగినా’ అన్న అర్థం రావాలంటే ‘అడిగినను’ అని సముచ్చయం (‘కూడా’ అనే అర్థమిచ్చే ‘ను’) ఉండాలి. వట్టి చేదర్థకం (షరతును చెప్పే రూపం) ‘అడిగితే’ అన్నంతవరకే చెబుతుంది.

యార్క్‌షైర్ తెలుగు:
వ్యాకరణం ఎటు తేలినా చరిత్ర అరసున్న వైపే ఉంది. 1893 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన రగ్బీ యూనియన్ (ఇంగ్లండులో ఆటను నడిపే సంఘం) సర్వసభ్య సమావేశంలో ఉత్తరాది యార్క్‌షైర్ ప్రతినిధులు కోరింది జీతం కాదు. శనివారం మిల్లులోనో గనిలోనో పని మానుకొని ఆటకు వచ్చినవాడికి, ఆ పోయిన కూలి మాత్రం ఇవ్వనిమ్మన్నారు. తీర్మానానికి 136 ఓట్లు అనుకూలంగా, 282 ఓట్లు వ్యతిరేకంగా పడ్డాయి. రెండేళ్ల తరువాత, 1895 ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుకుంపటి పెట్టుకొని, మానిన పనికి రోజుకు ఆరు షిల్లింగుల చొప్పున ఇవ్వవచ్చునని ఒప్పుకున్నాయి. ఈనాడు రగ్బీ లీగ్ అంటున్నది ఆ కుంపటినే. ఇక ‘దొర’ అన్న మాట ఆ లండన్ పెద్దమనుషులకు అతికినట్టు మరే మాటా అతకదు.

పాతబడి మేష్టారు:
అందరూ అరసున్న చుట్టూ తిరుగుతూ ‘మిడిమేలపు’ను వదిలేశారు. బడిలో నేను చెప్పిన అర్థం గర్విష్ఠి అనే. కాని ఆ వెంటనే ‘మిడుకుట’ వస్తున్నది కనుక, కొలిచేవాణ్ణి మిడికించే దొర అన్న ఛాయ కూడా అందులో ఉందని నా చిరకాలపు ఊహ. రెండు ‘మి’లూ యతి కోసం పడ్డాయంతే అని గణవిభజన గారు అంటారని తెలుసు, అననివ్వండి. యార్క్‌షైర్ వారికి ఒక్క సవరణ. ఆ హోటల్లో కూర్చున్నది ఆటగాళ్లు కారు, క్లబ్బుల కార్యవర్గాలు. 1898లో డబ్బిచ్చి ఆడించడానికి అనుమతించినప్పుడు కూడా ఆటగాడికి వేరే ఉద్యోగం ఉండి తీరాలని షరతు పెట్టారు. దొర మారాడు తప్ప, పాలేరు తన మడి తాను దున్నుకోలేదు.

మడిగట్టు:
మడి దున్నడమంటే పోతన గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? ‘హాలికులైన నేమి’ చాటువు ఆయనదే అవునో కాదో గాని, కావ్యకన్యకను కూళలకిచ్చి తినే కూడు కంటె నాగలి మేలన్న మాటను ఆయన నోటనే వినాలనిపిస్తుంది. మరి సౌత్ సిడ్నీ రగ్బీ లీగ్ క్లబ్బు సభ్యులు చేసిందేమిటి? 1908 నాటి క్లబ్బు అది. 1999 తరువాత పోటీ నుంచి తీసివేస్తే వీధుల్లో ఊరేగి, కోర్టుకెక్కి, 2002లో మళ్లీ మైదానానికి తెచ్చుకున్నారు. అంత పెనుగులాడి దక్కించుకున్న క్లబ్బులో 75 శాతం వాటాను, నాలుగేళ్లకే, ముప్ఫై లక్షల డాలర్లకు నటుడు రస్సెల్ క్రోకూ, వ్యాపారి పీటర్ హోమ్స్ ఎ కోర్ట్‌కూ రాసిచ్చారు.

గణవిభజన:
కూళ అంటే దుష్టుడు. సొమ్ము పెట్టినవాడల్లా కూళ కాడు. పోతనను ఎక్కడబడితే అక్కడ వాడకండి.

పడమటి సిడ్నీ:
మడిగట్టు గారూ, ఆ అమ్మకానికి 75 శాతం ఓట్లు కావలసి ఉండగా 75.8 శాతం వచ్చాయి. అప్పటిదాకా క్లబ్బు కోసం పోరాడిన జార్జ్ పిగిన్స్ వద్దంటూనే ఉన్నారు. సభ్యుల చేతిలో 25 శాతం మిగిలింది. 2014లో, 1971 తరువాత మొదటిసారిగా, ఆ క్లబ్బు కప్పు గెలిచింది. అమ్మినందుకే గెలిచిందని నేను అనను. కాని ఆ రోజు ఏడ్చినవారిలో అమ్మకం వద్దన్నవారూ తప్పక ఉండి ఉంటారు.

సభ్యులే దొరలైన చోట్ల ఏముందో కూడా చెబుతాను. మా ఇంటికి దగ్గరలో ఒక లీగ్స్ క్లబ్ (రగ్బీ లీగ్ జట్టుకు అండగా ఉండే, సభ్యులదే అయిన భోజన వినోదాల సంఘం) ఉంది. ఏడాదికి కొద్ది డాలర్లు కట్టి సభ్యత్వం తీసుకున్నాను. వాకిట్లో కార్డు చూపి లోపలికి వెడితే ఎడమ చేతి వైపు భోజనశాల, పిల్లలకు ఐస్‌క్రీము, గోడ మీద పాత జట్ల ఛాయాచిత్రాలు. కుడి చేతి వైపు కిటికీలు లేని గదిలో వరసలుగా జూదపు యంత్రాలు. న్యూ సౌత్ వేల్స్‌లో క్లబ్బులకు 1956 నుంచి ఆ యంత్రాల మీద చట్టబద్ధమైన హక్కు ఉంది. ఈ క్లబ్ జట్టుకు ఇచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ గదిలోనిదే. ఒక మంగళవారం సాయంత్రం పచారీ సంచి కాళ్ల దగ్గర పెట్టుకొని, తెర మీది నుంచి చూపు తిప్పకుండా మీట నొక్కుతున్న ముసలావిడ కనిపించింది. మేము తిని లేచేసరికి కూడా సంచి అక్కడే ఉంది. నా జేబులో కార్డు ఉంది గనుక ఆ గదికి నేనూ ఒక దొరనే. ఈ మాట వ్యాసంలో ఎలా రాయాలో తెలియక పద్యం పట్టుకున్నాను.

యార్క్‌షైర్ తెలుగు:
అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. ‘వడిగల యెద్దుల గట్టుక’ అన్నాడే గాని, ఆ యెద్దులను ఎవరు కొనిపెట్టారో చెప్పలేదు. 1995లో మీడియా వ్యాపారి మర్డాక్ సంస్థ 8.7 కోట్ల పౌండ్లు చూపించేసరికి ఇక్కడి రగ్బీ లీగ్ పెద్దలు కాసల్‌ఫర్డ్, ఫెదర్‌స్టన్, వేక్‌ఫీల్డ్ జట్లను కలిపి ఒక్కటి చేస్తామన్నారు. జనం మైదానాల్లోనే నిరసన తెలిపి ఆ కలయికను ఆపారు, డబ్బు మాత్రం పెద్దలు తీసుకున్నారు. ఒక్క యజమాని సంచి మీద నడిచిన కెనడా జట్టు టొరంటో 2020లో సీజను నడుమనే తప్పుకుంది. 1844లో నేతగాళ్లు సహకార దుకాణం తెరిచిన రాచ్‌డేల్‌లో అభిమానులే సహకార పద్ధతిలో క్లబ్బును కొన్నేళ్లు నడిపారు. అది చిన్న డివిజన్లలోనే ఉండిపోయింది. కొనేవాడి ఎద్దుకు వడి ఉంటుంది, సొంత ఎద్దుకు ఓపిక ఉంటుంది. నాకైతే, జట్టు పేరు, రంగులు, మైదానం అమ్మే హక్కు సభ్యుల చేతిలో ఉండాలి. మిగతాది డబ్బున్నవాణ్ణి నడపనివ్వవచ్చు.

పాతబడి మేష్టారు:
మీ ప్రశ్నలోనే తప్పు మాట ఉందయ్యా. పద్యంలో ‘గట్టుక’, ‘దున్నుక’ అన్నాడు. అంటే కట్టుకొని, దున్నుకొని. తనకోసం తాను చేసుకొనే పనికి తెలుగులో ‘కొను’ చేరుతుంది. క్లబ్బును ఎవరు ‘నడపాలి’ అని అడిగితే జవాబుగా ఒక దొర పేరే వస్తుంది. ఎవరు ‘నడుపుకోవాలి’ అని అడగండి, ఊరు పేరు వస్తుంది.

గణవిభజన:
మేష్టారూ, మా వీధి చివర కిరాణా కొట్టతను కూడా కొట్టు ‘నడుపుకుంటున్నాడు’. లాభం తనదైతే మర్డాక్ కూడా నడుపుకుంటున్నట్టే. మీ ‘కొను’ దొర వైపూ ఉంటుంది.

మడిగట్టు:
మరైతే ‘మహిలో’ ఎందుకన్నాడు? ఏ దొర చెప్పుచేతల్లోనూ లేని నేల ఎక్కడైనా దొరుకుతుందనే కదా?

గణవిభజన:
గణం నిండడానికి అన్నాడు.

పడమటి సిడ్నీ:
అరసున్న సంగతి ఇంకా తేలలేదు. సంచిక అచ్చుకు వెళ్లేది శుక్రవారం. పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ ఒక్క పుట చూసి చెప్పగలరా?