నవలా రచయిత పుట్టినరోజు: ఉపన్యాసాలు లేకుండా పాఠకులే జరుపుకోవాలంటే?

కొత్తపేజీ:
మా చదువరుల బృందంలో పాతిక మంది దాకా ఉన్నాం. అందరికీ ఇష్టమైన నవలా రచయిత పుట్టినరోజు ఇంకో ఆరు వారాల్లో ఉంది. ఆయన ఇప్పుడు లేరు. ముగ్గురు వక్తలు, ఒక అధ్యక్షుడు, చివర్లో వందన సమర్పణ, ఈ పద్ధతి ఈసారి వద్దనుకున్నాం. ఆయన నవల ఒకటి, 220 పేజీలది, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 7 లోపు వంతులవారీగా మొత్తం పైకి చదివేద్దామన్నది ఆలోచన. కుదిరే పనేనా? నవల పాత ముద్రణలు నాలుగైదు దొరికాయి, వాటిని ప్రదర్శనకు పెట్టాలని ఉంది. ఎనిమిది మంది వేరే ఊళ్లలో ఉన్నారు, వాళ్లనెలా కలుపుకోవాలి? అనుమతుల్లాంటివి ఏమైనా కావాలా?

గళమెత్తు:
నాలుగు గంటల్లో 220 పేజీలు కాదండీ. మనసులో చదువుకునే వేగంతో లెక్కేసినట్టున్నారు. ముప్ఫై లైన్ల తెలుగు పేజీ వినేవాళ్లకు అందేలా పైకి చదివితే రెండున్నర నిమిషాల దాకా పడుతుంది. అంటే 550 నిమిషాలు, తొమ్మిది గంటల పైమాటే. మనిషి మారినప్పుడల్లా పోయే అర నిమిషం ఇందులో కలపలేదు. అమెరికాలో న్యూ బెడ్‌ఫర్డ్ వేలింగ్ మ్యూజియంలో ఏటా జనవరిలో 'మోబీ డిక్' నవలను ఏకబిగిన చదువుతారు, దానికి దాదాపు 25 గంటలు పడుతుంది. రాత్రంతా తెరిచి ఉండే చోటు, వంతులకు సరిపడా జనం ఉంటేనే అలాంటిది పెట్టుకోవాలి.

మీ నాలుగు గంటల్ని ఇలా పంచండి. మొదట 10 నిమిషాలు సర్దుకోవడానికి, మధ్యలో 15 నిమిషాల విరామం, చివర 35 నిమిషాలు మాట్లాడుకోవడానికి. మిగిలేది 180. ఒక్కో వంతు 8 నిమిషాలు, మారడానికి అర నిమిషం అనుకుంటే 21 మంది చదవొచ్చు, 67 పేజీలు అవుతాయి. లంకెలకు కాస్త తీసేసి 60 పేజీలు ఎంచుకోండి. లంకె అంటే ఒక భాగానికీ తరువాతి భాగానికీ మధ్య వదిలేసిన కథను ఎనభై మాటల్లో చెప్పే పేరా. ఇవన్నీ ఒకే మనిషి రాయాలి, ఒకే మనిషి చదవాలి. ఎవరి లంకె వాళ్లే చెబితే అది విమర్శ వ్యాసమైపోతుంది, గడియారం చేయి జారిపోతుంది.

ఎనిమిది నిమిషాలే ఎందుకంటే, అలవాటు లేని గొంతు పది దాటితే ఎండిపోతుంది, వేగం దానంతటదే పెరుగుతుంది. మూడు నిమిషాలకు తగ్గిస్తే వినేవాళ్లు కథను వదిలేసి మనుషులు మారడమే చూస్తారు.

అన్నిటికన్నా ఎక్కువగా తేడా కొట్టేది పేజీ నంబర్ల దగ్గర. అందరి దగ్గరా ఒకే ముద్రణ ఉండదు. ఒకరి 84వ పేజీ ఇంకొకరికి 91. కాబట్టి వంతును పేజీలతో చెప్పకండి. అధ్యాయం సంఖ్య, మొదటి వాక్యం, చివరి వాక్యం రాసి ఒక చీటీ ఇవ్వండి. బల్ల మీద అసలు ప్రతి ఒక్కటే ఉంచి అందరూ దాంట్లోంచే చదివితే ఇంకా మేలు. వంతు ఆగే చోట పెన్సిలు గీత చాలు.

సంభాషణలు ఎక్కువున్న ఘట్టాలు ఇద్దరికో ముగ్గురికో పంచాలనిపిస్తుంది. 'అన్నాడు', 'అంది' ఎవరు చదవాలో ముందే తేల్చుకోకపోతే అక్కడే తడబడతారు. నన్నడిగితే నాటకం వద్దు, ఒక్క గొంతే మంచిది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెట్టండి. తిన్నగా పెడితే 'ప', 'భ' వచ్చినప్పుడల్లా స్పీకరు దబ్బుమంటుంది. పుస్తకానికి స్టాండు తప్పనిసరి. చేత్తో పట్టుకుంటే తల వంగుతుంది, గొంతు కిందికి పోతుంది.

అచ్చుతప్పు:
ముందు తేదీ సంగతి చూసుకోండి. చాలామంది పాత రచయితలకు బడి రికార్డులో ఒక తేదీ, ఆత్మకథలో ఇంకో తేదీ కనిపిస్తాయి. ఏది తీసుకున్నా ఆహ్వానంలో ఆధారం ఒక ముక్క రాయండి, లేకపోతే సగం చర్చ దాని మీదే నడుస్తుంది. అనువాద నవలల పాఠకులకు ఇంకో చిక్కు. రష్యన్ రచయితల పుట్టిన తేదీలు అప్పట్లో అక్కడ వాడిన పాత (జూలియన్) క్యాలెండరులో వేరుగా ఉంటాయి. టాల్‌స్టాయ్ పాత లెక్కలో 1828 ఆగస్టు 28న పుట్టారు, కొత్త లెక్కలో అది సెప్టెంబరు 9. పందొమ్మిదో శతాబ్దపు తేదీలకు 12 రోజులు కలపాలి. 13 కలపడం 1900 మార్చి తరువాతి తేదీలకే, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

ఇక హక్కులు. భారతదేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. ఆ లెక్క మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి మొదలవుతుంది. 1965లో ఏ నెలలో పోయినా సరే, ఆ రచనలు స్వేచ్ఛగా అందేది 2026 జనవరి 1న. యూరప్ దేశాల్లో ఇది 70 ఏళ్లు. అనువాదమైతే అనువాదకుల హక్కు వేరేగా లెక్కేయాలి, మూలం స్వేచ్ఛ అయినంత మాత్రాన తెలుగు ప్రతి స్వేచ్ఛ అయిపోదు.

హక్కులున్న పుస్తకం నుంచి సమంజసమైన భాగాన్ని సభలో చదవడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. మొత్తం నవల చదవడం, 60 పేజీలు జిరాక్సు తీసి పంచడం అందులోకి రావు. ఆ 60 కూడా 'సమంజసం' అనిపించుకుంటాయో లేదో గీత గీసి చెప్పలేం. వారసులకో ప్రచురణకర్తకో ఒక ఉత్తరం రాయండి. తేదీ, స్థలం, ఏ అధ్యాయాలు, టికెట్టు ఉందా లేదా, రికార్డు చేస్తారా, ఇవి ఐదూ మొదటి ఉత్తరంలోనే ఉంటే జవాబు తొందరగా వస్తుంది. ఆరు వారాలుందంటున్నారు, ఈ వారమే పంపండి.

కొత్తపేజీ:
లెక్క అర్థమైంది, అరవై పేజీలకు దిగాం. రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలనుకున్నాం, అది కూడా అడగాలా?

అచ్చుతప్పు:
అడగాలి, విడిగా అడగాలి. గదిలో చదవడానికి సరే అన్నవాళ్లు వీడియోకి కూడా సరే అన్నట్టు కాదు. వద్దంటే నవల చదివే భాగం వదిలేసి, చివరి 35 నిమిషాల మాటలే రికార్డు చేయండి.

అట్టలపెట్టె:
పాత ముద్రణల గురించి. కిటికీ ఎదురుగా పెట్టకండి, దీపాల వెలుగు కూడా మసకగానే ఉండాలి. పాత కాగితానికి మ్యూజియాలు సాధారణంగా పాటించేది 50 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత). ఫోనులో లైట్ మీటరు యాప్‌తో ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. పుస్తకాన్ని బల్లపరుపుగా తెరిచి పెడితే వెన్ను చిట్లుతుంది. రెండు వైపులా మడిచిన గుడ్డ పెట్టి, 90 డిగ్రీలు దాటకుండా తెరవండి. చిరిగిన చోట సెల్లోటేపు వేయొద్దు, ఆ జిగురు కాగితంలోకి దిగి పసుపు మరక కడుతుంది, తరువాత తీయలేం. గ్లౌజులు అక్కర్లేదు. గ్లౌజుతో అంచు చేతికి తెలియదు, పెళుసు కాగితం విరుగుతుంది. కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు.

అట్టలు వరసగా పేర్చితే జనం రెండు నిమిషాలు చూసి వెళ్లిపోతారు. అంతకన్నా రెండు ముద్రణలు పక్కపక్కన పెట్టి ఒకే ఘట్టం దగ్గర తెరవండి. పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడున్న పేరా పుస్తకంలో లేకపోవచ్చు, మూడో ముద్రణలో ముందుమాట మారిపోయి ఉండొచ్చు. తేడా ఉన్న వాక్యానికి ఎదురుగా సన్నని కాగితం పట్టీ పెట్టి, కింద కార్డు మీద ఏడాది, ముద్రణ, ప్రచురణకర్త, అప్పటి వెల రాయండి. ఈ తేడాలు వెతకడానికి ఇద్దరు మనుషులు, ఒక ఆదివారం కావాలి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రెండో ప్రతిలో వేలు పెట్టి వెంబడించాలి.

ఆకుపచ్చపుట:
హక్కులు తీరిన రచయిత అయితే తెలుగు వికీసోర్సులో (ఎవరైనా చదవగల, దిద్దగల ఆన్‌లైన్ గ్రంథాలయం) ఆయన పుస్తకాన్ని అచ్చుదిద్దడం మంచి పని. అక్కడ స్కాను పేజీ ఒక వైపు, యంత్రం చదివిన పాఠం ఇంకో వైపు ఉంటాయి. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే సరిచూడటం కుదరదు, అందుకే జంటలుగా కూర్చోబెట్టండి. యంత్రం ఎక్కువగా బోల్తా పడేది ద-ధ-థ, ప-వ-ఫ దగ్గర, ఇంకా కింద వచ్చే వత్తుల దగ్గర. కొత్తవాళ్లు వాడుక భాషలోకి 'సరిచేసేస్తుంటారు'. వద్దు, అచ్చులో ఎలా ఉంటే అలాగే.

ఖాతాలు మాత్రం ఇళ్ల దగ్గరే తెరుచుకుని రమ్మనండి. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు కొత్త ఖాతాల దాకానే ఒప్పుకుంటుంది. అందరూ అక్కడికొచ్చి మొదలుపెడితే ఏడో మనిషి దగ్గర ఆగిపోతుంది. పుస్తకం వికీసోర్సులో ముందే ఎక్కి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎక్కించే షరతులు వేరే ఉన్నాయి, ఈ ఆరు వారాల్లో ఆ పని పెట్టుకోకండి.

దూరంగా ఉన్న ఎనిమిది మందికి 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కీన్ అభిమానుల పద్ధతి బాగుంటుంది. ఆయన పుట్టినరోజు జనవరి 3న ఎక్కడివాళ్లు అక్కడ, తమ గడియారం ప్రకారం రాత్రి 9కి, గ్లాసెత్తి 'ద ప్రొఫెసర్' అంటారు. ఎవరూ ఎవరికీ కనెక్ట్ కానక్కర్లేదు. మీరూ ఒక పేరా, ఒక సమయం అనుకోండి.

గళమెత్తు:
వాళ్లతో కూడా చదివించాలనుకుంటే, వీడియో కాల్‌లో ఎనిమిది వంతులూ వరసగా ఒకచోట పెట్టండి, విరామం అయిన వెంటనే. మధ్యమధ్యలో కలిపితే ప్రతిసారీ గదిలో స్పీకరు మార్చాలి. వాళ్లు చదివేటప్పుడు గదిలో మైకు ఆపేయాలి, లేకపోతే వాళ్ల గొంతు తిరిగి వాళ్లకే వినిపించి ఆగిపోతారు. ఒక వాలంటీరుకు ఇదే పని అప్పగించండి. ముందు రోజు ఎనిమిది మందితోనూ తలో రెండు వాక్యాలు చదివించి చూసుకోండి, హెడ్‌ఫోన్ లేనివాళ్లెవరో అప్పుడే తేలిపోతుంది.